జీతం పెరిగితే ట్యాక్స్‌లోనే పోతుందా? హనుమకొండ చెల్లెలి లెక్కల ప్రశ్నలు

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేట్ కంపెనీలో జాబ్, ఇంటి నుంచే పని చేస్తాను. ఇప్పుడు ప్యాకేజీ 12 లక్షల 75 వేలు, 13 లక్షల 20 వేలు చేస్తామంటున్నారు, 2025 ఏప్రిల్ నుంచి లెక్కేసి ఎరియర్స్‌తో సహా ఇస్తారట. కానీ మా టీమ్‌లో ఒకతను "స్లాబ్ దాటితే మొత్తం జీతం మీద ట్యాక్స్ పడుద్ది, 60 వేలు పైనే పోతాయి, హైక్ వద్దని చెప్పు" అంటున్నాడు. మావారు బండి కోసం 2 లక్షల లోన్ మూడేళ్ళకి తీసుకుందామంటున్నారు, షోరూమ్ ఫైనాన్స్‌లో 7 శాతం, బ్యాంకులో 11 శాతం, కాబట్టి షోరూమ్‌దే నయం అని ఆయన వాదన. ఇద్దరం సంపాదిస్తున్నా నెలాఖరుకి ఏమీ మిగలట్లేదు. ఇవి చాలవన్నట్టు మా అమ్మకి (61 ఏళ్ళు, షుగర్‌కి మాత్రలు వాడుతుంది) ఫుల్ బాడీ చెకప్ చేయిస్తే 60 టెస్టుల్లో నాలుగు ఎర్రగా వచ్చాయి. హెచ్‌బీఏ1సీ పోయినసారి 6.7, ఇప్పుడు 6.9. విటమిన్ డి తక్కువ. ఆర్‌డీడబ్ల్యూ-ఎస్‌డీ అట, 46 దాకా ఉండాలి, 46.8 ఉంది. గ్లోబ్యులిన్ 3.5 దాకా ఉండాలి, 3.6 ఉంది. ఇంట్లో మిషన్‌తో చూస్తే పరగడుపున 118 వస్తోంది, మరి 6.9 ఎందుకొచ్చిందో అర్థం కాదు. అమ్మ భయంతో సరిగ్గా తినట్లేదు, వాట్సాప్‌లో చూసి గుండెపోటు ముప్పు 50 శాతం తగ్గించే పొడి ఏదో తెప్పించమంటోంది. నాకు టెన్త్‌లో లెక్కల్లో అత్తెసరు మార్కులు. ఇవన్నీ అర్థం కావాలంటే ఏదైనా కోర్స్ చెయ్యాలా?

జవాబు:

చెల్లెమ్మా, ముందు మీ అమ్మగారికి రోజూ తినేది రోజూ తినే టైముకి పెట్టండి. షుగర్ మాత్రలు వేసుకుంటూ భయంతో తిండి తగ్గిస్తే, కొన్ని రకాల మాత్రలకి షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, ఆ రిపోర్ట్‌లో ఎర్రగా ఉన్న నాలుగిటికంటే నాకు అదే ఎక్కువ కంగారుగా ఉంది.

మీరు అడిగినవి వేరు వేరు విషయాల్లా ఉన్నాయి గానీ దాదాపు అన్నిట్లోనూ మీరు ఆగిపోయింది ఒకే చోట. ఒక శాతం కనపడగానే అది పెద్దదా చిన్నదా అని చూస్తున్నారు, అది దేని మీద శాతమో అడగట్లేదు. మీరే కాదు, నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లల అమ్మానాన్నలు ఫామ్ 16 పట్టుకుని వచ్చినా, లోన్ పేపర్ పట్టుకుని వచ్చినా ఇక్కడే ఆగుతారు, వాళ్ళలో ఇంజినీర్లు కూడా ఉంటారు. కాబట్టి అత్తెసరు మార్కుల సంగతి మర్చిపోండి, పెన్నూ కాగితం తీసుకోండి.

హైక్ సంగతి. మీ టీమ్ అతను చెప్పింది తప్పే, కానీ ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, మనందరికీ స్లాబ్ అంటే నెలనెలా కనపడేది కరెంట్ బిల్లులోనే, తెలంగాణలో ఇంటి కరెంట్ బిల్లు నిజంగానే అతను చెప్పినట్టు పనిచేస్తుంది. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకి 3.40 చొప్పున 340, రెండో వందకి 4.80 చొప్పున 480, మొత్తం 820 రూపాయలు. అదే 201 కాలిస్తే కేటగిరీయే మారిపోతుంది, మొదటి 200 యూనిట్లకీ 5.10 చొప్పున 1,020, ఆ ఒక్క యూనిట్‌కి 7.70, మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు పడింది (ఫిక్స్‌డ్ ఛార్జీలు అవీ వేరే, అవి పక్కన పెట్టి చెప్తున్నా). ఇలాంటి బిల్లు ఏళ్ళ తరబడి కట్టిన మనిషి, ట్యాక్స్ స్లాబ్ కూడా దాటితే మొత్తం మీద పడుద్ది అనుకోవడంలో వింతేం లేదు. ఆంధ్రాలో 2022లో దీన్ని మార్చి, ఏ మెట్టు యూనిట్లకి ఆ మెట్టు రేటే పడేట్టు చేశారు, అక్కడి చుట్టాల బిల్లు చూస్తే తేడా తెలుస్తుంది.

ఇన్‌కమ్ ట్యాక్స్ ఆంధ్రా బిల్లు లాంటిది. ఏ మెట్టులో పడ్డ డబ్బుకి ఆ మెట్టు రేటే. 2025-26కి కొత్త పద్ధతిలో (న్యూ ట్యాక్స్ రెజీమ్ అంటారే, అది) మొదటి 4 లక్షలకి ఏమీ లేదు, 4 నుంచి 8 దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10, 12 నుంచి 16 దాకా 15, 16 నుంచి 20 దాకా 20, 20 నుంచి 24 దాకా 25, ఆ పైన 30. ఇప్పుడు ఎవరికైనా ట్యాక్స్ పడే ఆదాయం సరిగ్గా 16 లక్షలు ఉందనుకోండి, దాని మీద ఇంకో 10 వేలు పెరిగితే ఆ పెరిగిన 10 వేల మీదే 20 శాతం, అంటే 2,000, ఆ ట్యాక్స్ మీద మళ్ళీ వేసే 4 శాతం సెస్ 80, అంతే. కింద ఉన్న 16 లక్షల్ని ఎవరూ ముట్టుకోరు. మిగిలిన 7,920 వాళ్ళ చేతికి వస్తాయి. స్లాబ్ మారిందని హైక్ వద్దనుకునేవాళ్ళు ఈ 7,920ని వద్దంటున్నట్టు.

ఐతే మీ కేసులో మాత్రం ఒక మెలిక ఉంది, ఎందుకంటే మీరు సరిగ్గా 12 లక్షల గీత దగ్గర నిలబడ్డారు. ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

జీతం వాళ్ళకి 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ ఉంటుంది. 12.75 లో అది తీసేస్తే సరిగ్గా 12 లక్షలు. స్లాబుల ప్రకారం 4 నుంచి 8 దాకా 20 వేలు, 8 నుంచి 12 దాకా 40 వేలు, మొత్తం 60 వేలు ట్యాక్స్ పడాలి, కానీ 12 లక్షల దాకా ఉన్నవాళ్ళకి 87ఏ రిబేట్ అని ఆ 60 వేలూ మాఫీ చేస్తారు, కాబట్టి సున్నా. మీ 13.20 లో 75 వేలు తీసేస్తే 12 లక్షల 45 వేలు. స్లాబుల ప్రకారం 60 వేలకి తోడు పైనున్న 45 వేల మీద 15 శాతం 6,750, మొత్తం 66,750. రిబేట్ పోయింది కాబట్టి ఇది కట్టాలి, మీ టీమ్ అతను చూసింది ఇక్కడిదాకే. ఆ తర్వాత ఇంకో లైను ఉంది, మార్జినల్ రిలీఫ్. 12 లక్షల కంటే నువ్వు ఎంత ఎక్కువ సంపాదించావో అంతకు మించి ట్యాక్స్ తీసుకోం అని దాని అర్థం. మీరు ఎక్కువ సంపాదించింది 45 వేలు, కాబట్టి ట్యాక్స్ 66,750 కాదు, 45 వేలే. దాని మీద సెస్ 1,800. మొత్తం 46,800.

అంటే 45 వేలు పెరిగి 46,800 పోయింది, ఏడాదికి 1,800 రూపాయలు నష్టం, నెలకి 150. రిలీఫ్ ట్యాక్స్ వరకే ఇచ్చి దాని మీద మళ్ళీ సెస్ వేస్తారు కాబట్టి ఈ కొసరు నష్టం వస్తుంది. మొత్తం జీతం 12.75 దాటిన దగ్గర్నుంచి సుమారు 13 లక్షల 49 వేల దాకా ఉన్నవాళ్ళందరిదీ ఇదే పరిస్థితి, ఎంత ఘోరంగా చూసినా నష్టం ఏడాదికి 2,800 చిల్లర దాటదు, 13.49 దాటాక పెరిగే ప్రతి వందలో 84 రూపాయల 40 పైసలు చేతికి వస్తాయి. హైక్ వల్ల 60 వేలు నష్టపోవడం అనేది ఎక్కడా లేదు.

ఇదంతా మీ 13.20 పూర్తిగా గ్రాస్ జీతం, అంటే కోతలకి ముందు జీతంగా పడేది అయితే. కానీ మీరు "ప్యాకేజీ" అని రాశారు, నాకు డౌట్ అక్కడే. కంపెనీ వాళ్ళు ప్యాకేజీ అంటే మామూలుగా సీటీసీ (మీ మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు), అందులో కంపెనీ తన వంతు కట్టే పీఎఫ్, ఎప్పుడో ఇచ్చే గ్రాట్యుటీ కూడా కలిపేస్తారు, అవి మీకు ఈ ఏడాది జీతంగా రావు, వాటికి ట్యాక్స్ లెక్కా లేదు. బేసిక్ సీటీసీలో సగం అనుకుందాం, 6 లక్షల 60 వేలు. కంపెనీ వంతు పీఎఫ్ నెలకి 1,800 చొప్పున చాలామంది కడతారు, ఏడాదికి 21,600. గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 31,750. రెండూ తీసేస్తే 12 లక్షల 66 వేల 650 మిగులుతుంది, అందులో 75 వేలు తీస్తే 11 లక్షల 91 వేల 650. 12 లక్షల లోపే! ట్యాక్స్ సున్నా, హైక్‌లో జీతంగా వచ్చేదంతా మీదే. చూశారా, మీ టీమ్ అతనూ మీరూ కొట్టుకుంటున్న ట్యాక్స్ అసలు పడకపోవచ్చు, 13.20 అనేది దేన్ని దేన్ని కలిపి చెప్పారో అడక్కపోవడం వల్ల ఇంత రాద్ధాంతం. ప్యాకేజీ లెటర్ వెనకాల యానెక్షర్ అని ఒక టేబుల్ ఉంటుంది, ఈ రాత్రికే తీసి చూడండి.

ఇంకోటి, చాలామంది మర్చిపోయేది. ఈ 12 లక్షల గీత ఒక్క జీతానికి కాదు, ఎఫ్‌డీ వడ్డీ, సేవింగ్స్ అకౌంట్ వడ్డీ కూడా కలిపి చూస్తారు. పై లెక్కలో మీకు గీతకింద 8,350 మాత్రమే ఖాళీ ఉంది. అమ్మ డబ్బు ఏమన్నా మీ పేరు మీద ఎఫ్‌డీ వేసి దానికి 10 వేలు వడ్డీ వస్తుంటే 1,650 గీత దాటినట్టు, దానికి 1,650 ట్యాక్స్, 66 సెస్. పెద్ద మొత్తం కాదు గానీ రిటర్న్ వేసేటప్పుడు ఇదెక్కడిదని కంగారు పడతారు, ముందే తెలిసి ఉంటే మంచిది.

ఒకవేళ యానెక్షర్ చూశాక కూడా గ్రాస్ నిజంగానే 13.20 అని తేలితే, హెచ్ఆర్‌ని ఒక్క మాట అడగండి, పెరిగిన 45 వేలని కంపెనీ తరఫున ఎన్‌పీఎస్ అనే పెన్షన్ పథకంలో వెయ్యగలరా అని. కంపెనీ వేసే ఎన్‌పీఎస్‌కి బేసిక్‌లో 14 శాతం దాకా కొత్త పద్ధతిలో కూడా మినహాయింపు ఉంది, మీకు అది 92 వేల దాకా వస్తుంది, 45 వేలు హాయిగా పడతాయి, ట్యాక్స్ మళ్ళీ సున్నా. కాకపోతే ఆ డబ్బు రిటైర్మెంట్ దాకా దాదాపు లాక్ అయినట్టే, నెలాఖరుకి చేతిలో ఏమీ లేదంటున్నారు కాబట్టి ఆలోచించుకోండి. వాళ్ళు కుదరదంటే 1,800 నష్టంతోనే హైక్ తీసుకోండి, ఇందులో రెండో ఆలోచన వద్దు, వచ్చే ఏడాది పర్సెంటేజ్ వేసేది 13.20 మీద, ఇంకో కంపెనీకి వెళ్ళినా అడిగేది ఈ నెంబరే.

బండి లోన్‌కి వద్దాం. మీవారికి నా మాటగా చెప్పండి, 7 కంటే 11 పెద్దదే, కానీ ఆ 7 దేని మీద? షోరూమ్ వాళ్ళు చెప్పేది ఫ్లాట్ రేటు, అంటే మూడేళ్ళూ మొదట తీసుకున్న 2 లక్షల మీదే మిత్తి. ఏడాదికి 14 వేలు, మూడేళ్ళకి 42 వేలు, మొత్తం 2,42,000ని 36తో భాగిస్తే ఈఎంఐ 6,722. ఏడాదిన్నర అయ్యేసరికి మీరు సగం అసలు తీర్చేసి ఉంటారు, అయినా ఇంకా 2 లక్షల మీదే మిత్తి కడుతుంటారు. బ్యాంకు చెప్పే 11 శాతం అలా కాదు, ప్రతి నెలా మిగిలి ఉన్న బాకీ మీదే. దాని ఈఎంఐ సుమారు 6,548, మూడేళ్ళకి మిత్తి 35,700 దాకా. అంటే 11 శాతం లోన్ 7 శాతం లోన్ కంటే 6 వేల పైన తక్కువ పడుతోంది. షోరూమ్ 7ని బ్యాంకు లెక్కలోకి మారిస్తే 12.8 శాతం అవుతుంది. గుర్తుంచుకోవడానికి తేలిక లెక్క, ఫ్లాట్ రేటుని రెట్టింపు చేసి కొంచెం తగ్గించుకుంటే దాదాపు అసలు రేటు వచ్చేస్తుంది.

రేట్లు పోల్చడం కష్టమనిపిస్తే వదిలెయ్యండి, చేతికి ఎంత ఇస్తున్నారు, నెలకి ఎంత, ఎన్ని నెలలు, ఈ మూడూ రాసుకుని గుణించి చూడండి. ప్రాసెసింగ్ ఫీజు, డాక్యుమెంట్ ఛార్జీలు, బలవంతపు ఇన్సూరెన్స్ ముందే కోసుకుంటే చేతికొచ్చేది 2 లక్షలు కాదు, 1,94,000 అవ్వొచ్చు, ఈఎంఐ మాత్రం 2 లక్షలకే. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే ఇలాంటి రిటైల్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూల్ పెట్టింది, అందులో ఫీజులన్నీ కలిపిన అసలు వార్షిక రేటు ఏపీఆర్ అని ఉంటుంది. సంతకం పెట్టకముందు రెండు చోట్లా ఆ కాగితం అడిగి పక్కపక్కన పెట్టి చూడమనండి. ఊళ్ళో నూటికి రెండు రూపాయల మిత్తి అని వింటే చిన్నగా అనిపిస్తుంది కదా, అది నెలకి రెండు, ఏడాదికి 24 శాతం, అక్కడ కూడా ఎంత కాలానికి అన్నది పలకకపోవడం వల్లే మనవాళ్ళు నష్టపోతుంటారు.

నెలాఖరు సంగతి పెద్దగా రాయను. మీరు నెలవారీ ఖర్చులు రాస్తున్నట్టున్నారు, కానీ మిమ్మల్ని తినేవి నెలవారీవి కావు, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవి. ఉదాహరణకి స్కూల్ ఫీజు 84 వేలు, హెల్త్ ఇన్సూరెన్స్ 26,400, బండి ఇన్సూరెన్స్ 3,600, ఇంటి పన్ను 6 వేలు, బతుకమ్మ దసరా సంక్రాంతి బట్టలు ప్రయాణాలు 30 వేలు అనుకుంటే మొత్తం లక్షా 50 వేలు, నెలకి 12,500. ఇది మీ ఏ నెల లిస్టులోనూ ఉండదు కాబట్టి జూన్‌లో క్రెడిట్ కార్డు మీద పడి, అక్టోబర్ దాకా తీరుస్తూనే ఉంటారు. మీ అంకెలు మీరు వేసుకుని పన్నెండుతో భాగించి, జీతం పడ్డ రోజే ఆ మొత్తాన్ని వేరే అకౌంట్‌కి పంపెయ్యండి, దానికి ఏటీఎం కార్డు కూడా తీసుకోకండి. మిగిలినదే మీ అసలు నెల జీతం. ఈ అంకె తెలిశాక బండి ఈఎంఐ మొయ్యగలరో లేదో మీకే తెలిసిపోతుంది, నాకైతే బండి ఒక ఏడాది ఆగొచ్చనిపిస్తోంది.

ఇప్పుడు అమ్మగారి రిపోర్ట్. నేను డాక్టర్‌ని కాదు, మందుల సంగతి చెప్పను, ఆ కాగితం మీద అంకెలు ఎలా చదవాలో మాత్రం చెప్తాను.

రిపోర్ట్‌లో పక్కన ఉండే నార్మల్ రేంజ్ ఎలా వస్తుందో తెలుసా, చాలా టెస్టులకి ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని తీసుకుని, కొలిచి, వాళ్ళలో మధ్యన ఉన్న 95 శాతం మంది ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉన్నారో దాన్ని రేంజ్ అంటారు. అంటే ఏ జబ్బూ లేని 100 మందిలో 5 మంది ఆ రేంజ్ బయటే ఉంటారు, వాళ్ళకి ఎర్రగానే ప్రింట్ అవుతుంది. ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. ఒకే మనిషికి 60 టెస్టులు చేస్తే, ఒక్కోదానికీ 5 శాతం చొప్పున, 60లో 3 ఊరికే ఎర్రగా వచ్చే అవకాశం ఉంది. అసలు ఒక్కటి కూడా ఎర్రగా రాకుండా ఉండాలంటే 0.95ని 60 సార్లు గుణించాలి, 0.046 వస్తుంది, వందలో ఐదుగురికి కూడా పూర్తిగా క్లీన్ రిపోర్ట్ రాదన్నమాట. శరీరంలో టెస్టులు ఒకదానికొకటి పూర్తిగా సంబంధం లేకుండా ఉండవు కాబట్టి ఈ లెక్క అచ్చంగా ఇలాగే ఉండదు, కానీ విషయం అర్థం కావడానికి చాలు. ఎన్ని ఎక్కువ టెస్టులు ఉంటే అంత మంచి ప్యాకేజీ అని అమ్ముతారు చూడండి, టెస్టులు పెరిగేకొద్దీ ఊరికే వచ్చే ఎర్ర అంకెలు కూడా పెరుగుతాయి, ఈ మాట ప్యాకేజీ అమ్మేటప్పుడే చెప్తే ఎంతమంది పెద్దవాళ్ళకి నిద్ర పట్టేదో.

ఐతే షుగర్, కొలెస్ట్రాల్, విటమిన్ డి లాంటి వాటికి ఈ 95 లెక్క కాదు, ఏ అంకె దాటితే ఒంటికి హాని అన్నది చూసి పెట్టిన హద్దులవి. కాబట్టి అమ్మగారి నాలుగిట్లో హెచ్‌బీఏ1సీ, విటమిన్ డి పక్కన పెడదాం, అవి డాక్టర్‌తో మాట్లాడాల్సినవే. మిగిలిన రెండూ, అంటే ఎర్ర రక్తకణాల సైజుల్లో తేడా చెప్పే ఆర్‌డీడబ్ల్యూ, రక్తంలో ఒక రకం ప్రొటీన్ అయిన గ్లోబ్యులిన్, ఎంత దాటాయో చూడండి, 46 దగ్గర 46.8 అంటే రెండు శాతం కూడా లేదు, 3.5 దగ్గర 3.6 అంటే మూడు శాతం లోపు. ఊరికే మూడు రావాల్సిన చోట రెండొచ్చాయి, అవీ హద్దుని ఆనుకుని ఉన్నాయి. హద్దుకి రెండింతలో మూడింతలో ఉంటే అది వేరే మాట, అప్పుడు ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. అమ్మకి ఈ రెండు అంకెలూ పక్కన హద్దులూ పెద్ద అక్షరాలతో రాసి చూపించండి, ఎర్ర రంగు లేకుండా చూస్తే ఆవిడకే తేడా ఎంత చిన్నదో తెలుస్తుంది.

హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల షుగర్ సగటు లాంటిది. దాన్ని మామూలు షుగర్ అంకెలోకి మార్చడానికి ఒక సూత్రం ఉంది, 28.7తో గుణించి 46.7 తీసెయ్యాలి. 6.7 అంటే సుమారు 146, 6.9 అంటే సుమారు 151. ఐదారు పాయింట్ల తేడా. ఒకే రక్తాన్ని రెండు ల్యాబుల్లో ఇచ్చినా ఇంత తేడా రావొచ్చు, డాక్టర్లు మామూలుగా హెచ్‌బీఏ1సీ అర పాయింట్, అంటే 0.5 మారితే నిజంగా మారిందని పట్టించుకుంటారు. కాబట్టి పెరిగిందని ఏడవాల్సిన పని లేదు, అలాగని షుగర్ లేదనుకుని మాత్రలు మానెయ్యడమూ కాదు, అంకె షుగర్ హద్దు 6.5 పైనే ఉంది. మూడు నెలల తర్వాత అదే ల్యాబ్‌లో మళ్ళీ చేయిస్తే ఎటు పోతోందో తెలుస్తుంది. హిమోగ్లోబిన్ ఎంత ఉందో కూడా చూడండి, రక్తం తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ అంకె అటో ఇటో తప్పుగా చూపించవచ్చు, ఆర్‌డీడబ్ల్యూ కూడా కాస్త పెరిగింది కాబట్టి ఈ ఒక్క ముక్క డాక్టర్‌ని మర్చిపోకుండా అడగండి.

పరగడుపున 118 వస్తే 6.9 ఎలా అన్నారు. 118 అనేది రోజులో ఒక్క క్షణానిది, 151 మొత్తం రోజులన్నిటి సగటు. లెక్క సులువుగా చెప్పాలంటే 118తో కలిసి సగటు 151 రావాలంటే ఇంకో పక్క 184 ఉండాలి కదా, అంటే తిన్న తర్వాత బాగా పెరుగుతుండొచ్చు. మీరు రోజూ పొద్దున ఒక్కసారే చూస్తున్నారు కాబట్టి ఆ పెరిగేది మీకు ఎప్పటికీ కనపడదు. ఒక వారం పాటు భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకి కూడా చూసి, ఏం తిన్నారో పక్కన రాసి, ఆ కాగితం డాక్టర్‌కి ఇవ్వండి. ఇంట్లో మిషన్‌కి కూడా 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి, అసలుది 150 అయితే మిషన్ 128 నుంచి 172 లోపు ఎంతైనా చూపించొచ్చు, కాబట్టి ఒకసారి 142, పది నిమిషాలకి 156 వచ్చిందని వేలు మీద వేలు పొడిచి చూడొద్దు. ఒక్క అంకెని కాదు, వారం అంకెల్ని కలిపి చూడాలి.

ఆ పొడి గురించి. 50 శాతం తగ్గుతుంది, దేంట్లో 50 శాతం? నూటికి ఇద్దరికి రావాల్సింది ఒక్కరికి వచ్చినా 50 శాతమే, నూటికి నలభై మందికి రావాల్సింది ఇరవై మందికి వచ్చినా 50 శాతమే. ఎంతమంది మీద చూశారు, ఎన్నేళ్ళు చూశారు అన్నది డబ్బా మీద ఎక్కడా లేకపోతే ఆ 50కి అర్థం లేదు. షుగర్ మాత్రలతో పాటు తెలియని పొడులు అస్సలు వద్దు, ఆ డబ్బుతో డాక్టర్ ఫీజు కట్టండి.

కోర్స్ అంటారా, అవసరం లేదు. మీరు ఇక్కడిదాకా చదివిన లెక్కల్లో శాతాలు, సగటు, సాధారణ వడ్డీ తప్ప పెద్దగా ఇంకేం లేవు, అవి ఏడో తరగతి పుస్తకంలో ఉన్నాయి, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంది. స్కూల్లో మనకి చెప్పిన తీరులో రాముడు సోముడు అప్పు ఇచ్చుకుంటారు, అది మన ఇంటి అప్పు కాదు కాబట్టి బుర్రకెక్కలేదు, మీ తప్పేం లేదు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మీ కరెంట్ బిల్లు, బండి లోన్ పేపర్ వాళ్ళచేత లెక్క కట్టించండి.

ఈ వారం చెయ్యాల్సింది మాత్రం ఒకటుంది. ఎరియర్స్ ఇంకా వెయ్యలేదు కాబట్టి హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. 13.20లో కంపెనీ పీఎఫ్, గ్రాట్యుటీ కలిసి ఉన్నాయా, మార్చి 31 లోపు నాకు జీతంగా పడే మొత్తం ఎంత, కంపెనీ ఎన్‌పీఎస్ ఆప్షన్ ఉందా, ఉంటే ఎరియర్స్ వెయ్యకముందే స్ట్రక్చర్ మార్చగలరా, ఈ నాలుగూ అడగండి. రెండో ప్రశ్నకి వచ్చిన అంకె 12 లక్షల 75 వేలలోపు ఉండి, వడ్డీలు కలిపినా దాటకపోతే ఆ రోజే ఎస్ అని రిప్లై ఇచ్చెయ్యండి. దాటితే ఆ అంకె నాకు రాయండి, ఎంత కట్టాలో లెక్కేసి పంపిస్తాను.